బొమ్మల సేనాని వెల్సు

చదరంగపు పలకపై ఏనుగులను, గుఱ్ఱములను, బంట్లను నిలిపి పోరాడుట మనకు క్రొత్త కాదు. రథ గజ తురగ పదాతులను నాలుగు బలముల పేరనే ఆ ఆట మన దేశమున పుట్టినది. అది పారశీక, అరబ్బు దేశముల మీదుగా ఐరోపా ఖండమును చేరెను. జర్మను రాజ్యములలో నొకటియగు ప్రష్యాలో రైస్విట్జు అను ఇంటిపేరుగల తండ్రికొడుకు లిరువురు, యుద్ధమును బల్లమీద నడుపు విధానము నొకదానిని కల్పించిరి. 1824వ సంవత్సరమున కుమారుడు ప్రకటించిన నియమములను ఆ దేశపు సైన్యాధికారులు తమ శిక్షణలో చేర్చుకొనిరి. కాని అది యోధులకు చదువే గాని, ఇంటిల్లిపాది ఆడుకొను వేడుక కాదు. బొమ్మ సైనికులతో ఇంట పోరాడుకొన్నవారు అంతకుముందు లేకపోలేదు. అయినను ఆ ఆటకు చక్కని నియమము లేర్పఱచి, పుస్తకముగా వ్రాసి, ఎల్లరకు అందించి, దానికి ప్రసిద్ధి కలిగించినవాడు ఆంగ్ల రచయిత యగు హెర్బర్టు జార్జి వెల్సు.

వెల్సు 1866వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన లండనునకు సమీపముననున్న బ్రామ్లీ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫు పింగాణి పాత్రలును, క్రికెట్టు ఆటకు వలసిన సామగ్రియు అమ్ము చిన్న అంగడి నడుపుచుండెను. అంగడివలన వచ్చు ఆదాయము స్వల్పము. ఆయన మంచి క్రికెట్టు ఆటగాడగుటచే, ఆ ఆటవలన లభించు ధనమే కుటుంబమునకు కొంత ఊతగా నుండెడిది. తల్లి శారా వివాహమునకు పూర్వము గొప్పవారి యిండ్లలో పరిచారికగా నుండినది.

1874వ సంవత్సరమున హెర్బర్టునకు కాలు విరిగెను. అప్పటికి ఆ బాలునకు ఎనిమిదేండ్లైనను నిండలేదు. మంచము పట్టిన కుమారునికి ప్రొద్దుపోవుటకై తండ్రి గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చెను. దూరదేశముల సంగతులు, చరిత్రలు, కథలు ఆ బాలుని యెదుట తమంతట తాము విప్పుకొనినవి. కాలు విరుగుట కీడే. కాని ఆ కీడు మూలముననే అతని మనఃచక్షువు తెఱవబడెను.

మూడేండ్లు గడచినవి. 1877లో తండ్రియు క్రిందపడి తొడయెముక విఱుగగొట్టుకొనెను. దానితో క్రికెట్టు ఆటయు, దానివలని రాబడియు ముగిసినవి. 1880లో తల్లి ససెక్సు మండలమునందలి అప్పార్కు అను జమీందారీ భవనమున గృహనిర్వాహకురాలుగా కుదిరెను. హెర్బర్టును బట్టల దుకాణమున పని నేర్చుకొనుటకై పంపిరి. తెల్లవారినది మొదలు చీకటిపడువఱకు నిలుచుండి బట్టలు విప్పుట, మడచుట, దుమ్ము దులుపుట అతని పని. ఆ పని అతనికి చెఱసాలవలె తోచెను. తల్లియొద్దకు పోయినప్పుడెల్ల ఆ భవనపు గ్రంథాలయమున కూర్చుండి చదువుకొనుచు, ఎట్లైనను ఆ దుకాణమునుండి బయటపడవలెనని నిశ్చయించుకొనెను. ఎన్నియో విధముల తల్లిని ప్రార్థించి, తుదకు 1883లో మిడ్‌హర్స్టు పాఠశాలయందు విద్యార్థి ఉపాధ్యాయుడుగా చేరెను. మఱుసటి సంవత్సరమే విద్యార్థివేతనము పొంది లండనునందలి విజ్ఞానశాస్త్ర కళాశాలలో ప్రవేశించి, జీవశాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన హక్స్‌లీ పండితుని పాదములకడ కూర్చుండి పాఠములు వినెను.

తుదిపరీక్షలో మాత్ర మతడు తప్పెను. ఉపాధ్యాయుడై పని చేయుచుండగా ఫుట్‌బాల్ ఆటలో గట్టిదెబ్బ తగిలి ఆరోగ్యము చెడెను. అయినను ధైర్యము వీడక చదివి 1890లో లండను విశ్వవిద్యాలయ పట్టమును సంపాదించెను. బోధనకు శరీరము సహకరింపకపోగా కలము చేతబట్టెను. 1895లో కాలయంత్రమును గూర్చియు, 1897లో కంటికి గానరాని మనుష్యుని గూర్చియు, 1898లో అంగారక గ్రహవాసులు భూమిపై దండెత్తుటను గూర్చియు అతడు వ్రాసిన కథలు దేశదేశముల వ్యాపించినవి. బట్టలు మడచిన చేతులతోనే అతడు ధనమును, కీర్తిని ఆర్జించెను.

అటుపిమ్మట వెల్సు కెంటు మండలమున సముద్రతీరముననున్న శాండ్‌గేటు గ్రామమున ఇల్లు కట్టించుకొనెను. 1901లో నొకడు, 1903లో నొకడు కుమారు లిరువురు కలిగిరి. ఆ యింటి నేలపై ఎప్పుడును కొయ్యయిటుకలు, పలకలు, బొమ్మలు చెల్లాచెదరుగా పడియుండెడివి. తండ్రియు కుమారులతోపాటు మోకాళ్లపై ప్రాకుచు ద్వీపములను, నగరములను నిర్మించెడివాడు. ఆ వినోదమును గూర్చి 1911లో ఒక చిన్న పుస్తకమును గూడ వ్రాసెను.

ఆ దినములలో ఇంగ్లండు అంగళ్లలో రెండంగుళములకు మించిన యెత్తుగల సీసపు సైనికులును, వారితోపాటు స్ప్రింగుతో పనిచేయు చిన్న ఫిరంగులును అమ్ముచుండిరి. ఆ ఫిరంగి అంగుళము పొడవుగల కొయ్యముక్కను విసరును. తొమ్మిది గజముల దూరముననున్న బొమ్మను సైతము అది పడగొట్టగలదు. ఒకనాడు జెరోమ్ కె. జెరోమ్ అను హాస్యరచయిత వెల్సు ఇంట భోజనము చేసెను. కాఫీ వచ్చులోపల, ప్రక్కనున్న చిన్నబల్లపై నాలుగైదుగురు సైనికులును, ఒక ఫిరంగియు ఆయన కంటబడినవి. ఆయన కుర్చీ దగ్గఱకు జరుపుకొని, ఫిరంగిని నింపి, గుఱిచూచి, ఒక సైనికుని కూల్చెను. తన నేర్పును తానే మెచ్చుకొని తక్కినవారిని పందెమునకు పిలిచెను. గొప్ప వేడుక యొకటి ఇట్లు ఒక చిన్నబల్లయొద్ద అంకురించెను.

ఊరక నిలిచియున్న బొమ్మలను కొట్టుటకంటె, వానిని నడపుచు పోరాడిన బాగుండునని వెల్సునకు తోచెను. అప్పుడు రోగపీడితుడై దూరము నడువజాలని మిత్రు డొకడు అతనికి తోడయ్యెను. ఇరువురును లావైన విజ్ఞానసర్వస్వ సంపుటములను కొండలుగా తివాసిపై పేర్చి, సైన్యములను నిలిపి యాడిరి. ఒకరు తమ సేననంతయు జరిపిన పిమ్మట మఱియొకరు జరుపవలెను. కాల్బంట్లు అడుగు దూరము, ఆశ్వికులు రెండడుగుల దూరము పోవచ్చును. ఇరుపక్షముల బొమ్మలు తాకినప్పుడు నాణె మెగురవైచి, బొమ్మయో బొరుసో చూచి, చచ్చినవా డెవడో నిర్ణయించెడివారు.

ఆ ఆట కుదురలేదు. సైనికులందఱు పుస్తకముల చాటున నక్కియుండగా ఫిరంగులే రాజ్యమేలినవి. నాణెపు చలువవలన ఒకమారు ఒక్క బొమ్మ వరుసగా తొమ్మండుగురిని కడతేర్చి ఓటమిని గెలుపుగా మార్చెను. ఎంతో యోచించి ఆ తొమ్మండుగురిని నడిపించిన సేనాని కెంతటి వ్యథ! అదృష్టము ఇట్లు బుద్ధిని కాలరాచుట వెల్సునకు నచ్చలేదు. ఆట చెడినదని విడిచిపెట్టక, ఏ నియమమువలన చెడినదో ఆ నియమమునే సవరింపసాగెను. దక్షిణాఫ్రికా యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికాధికారి యొకడు అందులకు సాయపడెను.

ఫిరంగి ఒక్క పర్యాయమునకు నాలుగు గుండ్లు మాత్రమే ప్రేల్చవలెననియు, దానికి ఆరంగుళములలోపల నలుగురైనను సైనికులు లేనిచో అది కదలనురాదు, ప్రేలనురాదనియు విధించిరి. చేయిచేయి కలిసి పోరాడునపుడు సమాన సంఖ్యలో ఇరువైపుల వారు కూలుదురనియు, తమవారికి దూరమై చిక్కిన కొలదిమంది పెద్దగుంపునకు బందీలగుదురనియు నిర్ణయించిరి. నాణెముతో పని తీఱెను. యుద్ధారంభమున రంగస్థలము నడుమ తెర కట్టి, ఇరువురును ఒకరికి తెలియకుండ నొకరు సేనలను తీర్చుకొని, పిమ్మట తెర తీసివేసెడివారు. ఎడతెగక యోచించుచు ఎదుటివానిని విసిగింపకుండుటకై గడియారము పెట్టిరి. ముప్పదిమంది సైనికులకు ఒక నిమిషము, ఫిరంగి యొక్కింటికి ఒక నిమిషము చొప్పున గడు వీయబడును. నూటపదిమందియు, మూడు ఫిరంగులును గల సేనకు సుమారు ఏడు నిమిషములు. గడువు తీఱిన పిమ్మట ఒక్క బొమ్మనైనను కదల్పరాదు. పుస్తకపు కొండలకు బదులు కొయ్యయిటుకలతో ఇండ్లును, చెట్టుకొమ్మల తునుకలతో అడవులును, సుద్దగీతలతో ఏఱులును వెలసినవి.

ఈ నియమముల నన్నిటిని కూర్చి వెల్సు 1913వ సంవత్సరమున లిటిల్ వార్స్ అను పుస్తకమును ప్రకటించెను. చిన్న యుద్ధములు అని దాని యర్థము. బాలురేగాక వృద్ధులును, ఆసక్తిగల బాలికలును ఆడదగిన ఆట యిదియని అతని యుద్దేశము. కాని ఆ పుస్తకపు చివర నవ్వులాటను మించిన విషయ మొకటి కలదు.

అప్పటికే ఐరోపా రాజ్యములు ఒకదానికొకటి పోటీగా ఆయుధములు కూర్చుకొనుచుండెను. వెల్సు ఆ ప్రమాదమును ముందే గుర్తించినవాడు. 1903లోనే ఉక్కుకవచము తొడిగిన యుద్ధశకటములను, 1908లో ఆకాశమునుండి నగరములపై కురియు బాంబులను కథలలో వర్ణించియుండెను. బొమ్మల యుద్ధమున ఎంత తెలివిగలవాడైనను పొరబాట్లు చేయుననియు, చాటుగా నుంచవలసిన దళమును మఱచుననియు, గెలిచితినని తలచిన క్షణముననే ఓడుననియు అతడు స్వయముగా గ్రహించెను. ఆటలో ఆ పొరబాటునకు మూల్యము నాలుగు సీసపు బొమ్మలు. వానిని మఱల లేపి నిలుపవచ్చును. నిజమైన యుద్ధమున మూల్యము నరుల ప్రాణములు. అవి మఱల రావు. కావున పోరాడవలెనను కోరికగల రాజులును, సేనానులును బొమ్మలతో తమ ముచ్చట తీర్చుకొని, ప్రజలను సుఖముగా బ్రతుకనిచ్చుట మేలని అతడు ఆ పుస్తకమున హితవు చెప్పెను.

ఆ హితవును లోకము వినలేదు. మఱుసటి యేడే, 1914 ఆగస్టు నెలలో, ఐరోపా మహాసంగ్రామమున మునిగెను. ఇంగ్లండున బొమ్మ సైనికులతో ఆడుకొని పెరిగిన యువకు లెందఱో నిజమైన ఫిరంగులకు ఆహుతియైరి. ఈ యుద్ధమే యుద్ధముల కన్నిటికి అంతము కావలెనని వెల్సు ఆశించెను. ఆ ఆశయు ఫలింపలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట అతడు, మానవులందఱిది ఒక్క కుటుంబమను భావము కలిగింపదలచి, ప్రపంచచరిత్రను సులభముగా తెలుపు బృహద్గ్రంథమును వ్రాసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, మానవుల హక్కులను గూర్చి పుస్తకము వెలువరించెను. పరమాణువులోని శక్తితో బాంబులు చేయుదురని 1914లోనే తాను వ్రాసిన కల్పన, 1945వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన హిరోషిమా నగరమున నిజమగుట ఆ వృద్ధుడు జీవించియుండగనే జరిగెను. మఱుసటి సంవత్సరము, 1946 ఆగస్టు 13వ తేదీన, లండను నగరమున వెల్సు పరమపదించెను.

అతడు నాటిన వేడుక మాత్రము నశింపలేదు. 1950, 1960 సంవత్సరముల ప్రాంతమున అమెరికా, ఇంగ్లండు దేశములలో దానిని క్రొత్తగా అభ్యసించువారు బయలుదేఱి, పత్రికలును పుస్తకములును ప్రకటించిరి. ఆట నేలమీదినుండి బల్లమీదికి ఎక్కెను. సీసము ఆరోగ్యమునకు హానికరమని తెలిసిన పిమ్మట, ప్లాస్టిక్కుతోను, సీసము కలియని లోహములతోను బొమ్మలు చేయసాగిరి. కొయ్యముక్కలు విసరు ఫిరంగి స్థానమున పాచికలు వచ్చినవి. బొమ్మలకు తామే సన్నని కుంచెతో రంగులు వేసికొని, ఏ దేశపు సైనికు డెట్టి దుస్తులు ధరించెనో చరిత్రగ్రంథములు వెదకి తెలిసికొనుట ఈ వేడుకలో సగము భాగము.

విద్యార్థులారా, ఈ ఆట నారంభించుటకు గొప్ప ధన మక్కఱలేదు. ఒక్కొక్క పక్షమునకు పది పదునైదు బొమ్మలు, ఒక కొలతబద్ద, ఒక గడియారము, కొండలుగా పేర్చుటకు కొన్ని పుస్తకములు చాలును. మొదట చిన్నచిన్న నియమములతో ఆడవలెను. లోపము కనబడినప్పుడు ఇరువురును కలిసి దానిని సవరించుకొనవలెను. ఆట నడుమ తనకు అనుకూలముగా నియమము మార్చుట తగదు. వీనికంటె ముఖ్యమైనది, న్యాయముగా ఆడి, ఓడినను నవ్వుచు బొమ్మలను పెట్టెలో సర్దగల తోడు.

దుకాణపు చెఱనుండి వెలువడి లోకమునకు భవిష్యత్తును చూపిన మేధావి, కుమారులతో కూడి నేలపై ప్రాకి, బొమ్మలకు సేనాని యగుటకు సిగ్గుపడలేదు. ఆట ముగిసినంతనే ఇరుపక్షముల సైనికులును ఒకే పెట్టెలో ప్రక్కప్రక్కన పరుండుదురు. దేశములును తమ కలహములను అట్టి వినోదములకే పరిమితము చేసికొనిన నాడు వెల్సు కోరిక ఈడేరును.