డిక్ పావెల్: పాటల హీరో ముద్ర చెరిపేసుకుని.. టీవీలో సొంత కంపెనీ కట్టిన స్టార్!

వారానికో కొత్త కథ.. వారానికో హీరో. ఓటీటీలో ఆంథాలజీలు చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. కానీ 1952లోనే అమెరికాలో నలుగురు స్టార్లు వంతులవారీగా నటించిన సిరీస్ వచ్చింది. పేరు ఫోర్ స్టార్ ప్లేహౌస్. దాని వెనకున్న వ్యక్తి డిక్ పావెల్.

1904 నవంబర్ 14న ఆర్కన్సాస్ రాష్ట్రంలోని మౌంటెన్ వ్యూలో ఆయన పుట్టారు. మంచి గాయకుడు. 1933లో వచ్చిన 42వ స్ట్రీట్ సినిమాతో వార్నర్ బ్రదర్స్ మ్యూజికల్స్‌లో స్టార్ అయిపోయారు. చిక్కు కూడా అక్కడే మొదలైంది. ఏ సినిమా చూసినా అదే నవ్వు, అవే పాటలు. సీరియస్ పాత్ర అడిగితే ఇచ్చేవాళ్లే లేరు.

చివరికి 1944లో మర్డర్, మై స్వీట్ దొరికింది. అందులో ఆయన ప్రైవేట్ డిటెక్టివ్ ఫిలిప్ మార్లో. తమాషా ఏంటంటే, ఈ సినిమాకు మొదట పెట్టింది నవల పేరే.. ఫేర్‌వెల్, మై లవ్లీ. హీరో పావెల్ కావడంతో జనం మళ్లీ పాటల సినిమానే అనుకున్నారు. దాంతో పేరే మార్చాల్సి వచ్చింది! ఆ ఒక్క సినిమాతో పాత ముద్ర చెరిగిపోయింది.

అప్పట్లో సినిమా స్టార్లకు టీవీ అంటే చిన్నచూపు. పావెల్ మాత్రం అక్కడే అవకాశం చూశారు. డేవిడ్ నివెన్, చార్లెస్ బోయర్‌తో కలిసి ఫోర్ స్టార్ కంపెనీ పెట్టారు. నాలుగో స్టార్ ఐడా లుపినో. కంపెనీలో వాటా లేకపోయినా నటించారు. అప్పటికే ఆమె సినిమాలకు దర్శకురాలు కూడా. నలుగురూ వంతులు వేసుకోవడంతో ఎవరి సినిమాలూ ఆగలేదు. పైగా లైవ్ డ్రామాల రోజుల్లో వీళ్లు ఫిల్మ్ మీద తీశారు. అంటే ఎపిసోడ్లు మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. సీబీఎస్‌లో 1956 వరకు 129 ఎపిసోడ్లు వచ్చాయి. ఆ తర్వాత ది రైఫిల్‌మ్యాన్ లాంటి హిట్ సిరీస్‌లు కూడా ఈ కంపెనీ నుంచే వచ్చాయి.

పావెల్ డైరెక్షన్ కూడా చేశారు. అందులో ఒకటి జాన్ వేన్ హీరోగా 1956లో విడుదలైన ది కాంకరర్. యూటా రాష్ట్రంలోని సెయింట్ జార్జ్ దగ్గర షూటింగ్. అంతకుముందు ఏడాదే, 1953లో, పక్కనున్న నెవాడా ఎడారిలో 11 అణు పరీక్షలు జరిగాయి. ఆ ధూళి ఇటువైపే కొట్టుకొచ్చింది. తర్వాతి కాలంలో యూనిట్‌లో చాలామందికి క్యాన్సర్ వచ్చింది. పావెల్, వేన్, సుసాన్ హేవర్డ్ ముగ్గురూ క్యాన్సర్‌తోనే పోయారు. అణు ధూళే కారణమన్న అనుమానం బలంగా ఉంది కానీ, రుజువు కాలేదు.

1961లో ఎన్‌బీసీలో తన పేరుతోనే డిక్ పావెల్ షో మొదలుపెట్టారు. అదీ వారానికో కథే. అది నడుస్తుండగానే 1963 జనవరి 2న కన్నుమూశారు. వయసు 58 ఏళ్లే. షో మాత్రం ఆగలేదు. మిగిలిన ఎపిసోడ్లను తోటి స్టార్లు వంతులవారీగా పరిచయం చేశారు. ఆయన నమ్ముకున్న వంతుల పద్ధతే, ఆయన లేని రోజున ఆయన షోను నడిపించింది.