మేరీ మెక్లియోడ్ బెత్యూన్ చరిత్రము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ కారొలీనాయందు బానిసలకు చదువు చెప్పుట 1834వ సంవత్సరపు శాసనముచే శిక్షార్హమైన నేరముగా నుండెను. న్యాయవాదులకు శాసనమన్న నంతనే గౌరవము కలుగుట సహజము. ఇట్టి శాసనమును చదివినప్పుడు మాత్ర మా గౌరవము నిలుచుట కష్టము. ఆ రాష్ట్రముననే, దాస్యము తొలగిన పదియేండ్లకు, 1875వ సంవత్సరము జూలై 10వ తేదిని మేయిస్విల్ గ్రామమున మేరీ జనించెను. తల్లిదండ్రులు బానిసలుగా నుండినవారే. పదునేడ్గురు బిడ్డలలో నీమె పదునైదవది.

తల్లి పనిచేయు తెల్లవారి యింట నొకనాడు మేరీ పుస్తకమును చేతబట్టగా, నల్లవారికి చదువు రాదని చెప్పి యాయింటి బాలిక దానిని విడిపించుకొనెనట. ఆ మాట ములుకువలె నాటెను. పిమ్మట నల్లవారి బిడ్డలకొఱకు మిషను పాఠశాల యొకటి వెలయగా, ప్రత్తిచేల పనులు మాని యందఱును పోవుటకు వీలులేనందున, ఇంటివారు మేరీనే పంపిరి. ఆమె మైళ్లకొలది నడచిపోయి, నేర్చినదానిని మరల నింటివారికి నేర్పుచుండెను. ప్రత్తి తూచువారు మోసగింపకుండ నిరుగుపొరుగువారికి లెక్కలును చూచిపెట్టెనందురు. ఆమె యుపాధ్యాయత్వ మప్పుడే యారంభమయ్యెనని నాకు తోచుచున్నది.

తరువాత షికాగోలో చదివి, ఆఫ్రికాకు బోధకురాలుగా పోగోరెను. నల్లవారికట్టి యుద్యోగము లేదని మిషనువారు త్రోసిపుచ్చిరి. ఆఫ్రికావారిని రక్షింప బూనినవారే యాఫ్రికా సంతతిని వాకిటనుండి మరలించుట యెంత వింత! మేరీ యాగస్టా నగరమున లూసీ లేనీ యను నల్లజాతి విదుషి స్థాపించిన పాఠశాలలో చేరి బోధించెను. లేనీ పనిని చూచిన పిమ్మట, సేవకై సముద్రము దాటనక్కఱలేదని గ్రహించెను.

1898లో ఆల్బర్టస్ బెత్యూనును వివాహమాడెను. 1904వ సంవత్సరము అక్టోబరు 3వ తేదిని ఫ్లారిడాలోని డేటోనాలో, చేత డాలరున్నర మాత్రముండగా, ఐదుగురు బాలికలతోను తన చిన్న కుమారునితోను పాఠశాలను తెఱచెను. పాతపెట్టెలే బల్లలు; బొగ్గుముక్కలే పెన్సిళ్లు; పండ్లరసమే సిరా. చిలగడదుంపలతో పిండివంటలు చేసి విక్రయించి రొక్కము కూర్చెను. నల్లవారి దేవాలయములలో నడిగెను. తెల్ల ధనికుల నడిగెను. ధనికుల నాశ్రయించుట కొందఱికి రుచింపకపోవచ్చును గాని, ఆకలిగొన్న పిల్లల నెదుట నుంచుకొన్నవారికి వేఱు దారి యేది? నల్లవారికి సరియైన వైద్యము దొరకని యా పట్టణమున 1911లో నాసుపత్రినికూడ నెలకొల్పెను.

1920లో స్త్రీలకు వోటు వచ్చెను. నల్లవారు వోటు వేయకుండ బెదరించుటకై కూ క్లక్స్ క్లాను ముఠా ముసుగులతో పాఠశాలమీదికి వచ్చినప్పుడు, ఆమె దీపములన్నియు వెలిగింపించి నిలిచెనట. వోటు వేయుటకు తనవారిని వెంటబెట్టుకొని పోవుటయు మానలేదు.

1923లో కుక్మన్ విద్యాలయముతో కలిసి యా పాఠశాల కాలక్రమమున కళాశాల యయ్యెను. 1936 మొదలు దేశప్రభుత్వపు యువజన శాఖలో నల్లవారి వ్యవహారముల నామె చూచెను. 1955వ సంవత్సరము మే 18వ తేదిని దివంగతురాలై, ఆ కళాశాల యావరణముననే సమాధి పొందెను. 2022లో దేశపు శాసనసభా భవనమున ఫ్లారిడా పక్షమున, దాస్యపక్షమున పోరాడిన సేనాధిపతి విగ్రహమునకు బదులుగా, ఆమె పాలఱాతి విగ్రహమును నిలిపిరి.