ఓరుగంటి రుద్రమదేవి

ఉప్పలు, నాచారము ప్రాంతముల బాలబాలికలకు తూర్పుగా బోవు వరంగల్లు బాట చిరపరిచితమే. ఘట్‌కేసరు, భువనగిరి, జనగామల మీదుగా ఆ బాట ననుసరించినచో ఇటలీదేశపు ప్రాచీన నగరములకు దీసిపోని యొక రాజధానిని జేరుదుము. అదియే కాకతీయుల ఓరుగల్లు. ఆ నగరమును జూడబోవు విద్యార్థులు ముందుగా దాని నేలిన రాణి చరిత్రమును దెలిసికొనుట యుక్తము.

రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి. ఆయన 1199 మొదలు 1262 వఱకు రాజ్యము చేసి, రాజధానిని హనుమకొండనుండి ఓరుగంటికి మార్చెను. నలువది యైదు బురుజులతో రాతికోటను, దానిచుట్టు నగడ్తను, వెలుపల మట్టికోటను నిర్మింపబూనెను. ఆ పనిని ముగించినది కుమార్తెయే. ఆమె రాతిగోడ యెత్తు పెంచి, ఏ చోట శత్రువు పైబడినను సైనికులు వెంటనే యెక్కుటకు వీలుగా లోపలివైపున మెట్లు కట్టించెను. ఆ మెట్లు నేటికిని గలవు. చూడబోవువారు శిలాతోరణములను జూచి మురిసి మరలివత్తురేగాని ఈ మెట్లను గమనింపరు. నా యభిప్రాయమున రాణి బుద్ధికుశలత తోరణములకంటె వీనియందే యెక్కువగా గానవచ్చును.

గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. నిడదవోలు చాళుక్యుడైన వీరభద్రుని కిచ్చి వివాహము చేసినను, రుద్రమను ఆయన రాజ్యభారమునకు దగినట్లు పెంచెను. ఆమె రుద్రదేవమహారాజను పురుషనామముతో శాసనములు వేయించెను. స్త్రీకి దలవంచుట యవమానమని కొందఱు సామంతులు తిరుగబడిరి. పరరాజులును ఇదియే యదనని తలంచిరి. ప్రభుభక్తిగల రేచర్ల ప్రసాదిత్యుడు, కాయస్థ జన్నిగదేవుడు మున్నగువా రామెకు బాసటగా నిలిచిరి.

దేవగిరి యాదవరాజగు మహాదేవుడు దండెత్తి వచ్చినపుడు రాణి యాతని నోడించి తఱిమినది. పదునైదుదినములు యుద్ధము జరిగెనని ప్రతాపచరిత్రము చెప్పును. దినముల లెక్క యెట్లున్నను, బీదరు కోటలో దొరకిన యామె శాసనము విజయమునకు సాక్ష్యమిచ్చుచున్నది. కత్తియు డాలును బూని సింహముపై నున్న స్త్రీశిల్ప మొకటి ఓరుగంట గలదు. అది రాణిదే యని చరిత్రకారులు పలువురు తలంతురు.

కత్తిపట్టిన చేయి దానమును మఱవలేదు. తన గురువగు విశ్వేశ్వరశివాచార్యునకు తండ్రి మందడ గ్రామమును, ఈమె వెలగపూడిని ఇచ్చిరి. 1261 నాటి మల్కాపురశాసనమునుబట్టి యచట దేవాలయము, మఠము, విద్యాశాల, అన్నసత్రములతోబాటు ఆరోగ్యశాలయు ప్రసూతిశాలయు నెలకొల్పబడినవి. ఏడువందల యేండ్లక్రిందట కాన్పుపడు తల్లులకై ప్రత్యేకముగా నొక శాల యుండుట సామాన్యవిషయము గాదు.

వెనీసునగరవాసి మార్కోపోలో తెలుగుతీరమునకు వచ్చి ఈ రాణి కీర్తిని విని వ్రాసెను. న్యాయము, శాంతి గల పాలన మనియు, ఆ దేశమున వజ్రములును, మిక్కిలి సన్నని వస్త్రములును లభించుననియు నాతడు మెచ్చుకొనెను. మోటుపల్లి రేవునకు వచ్చు నావికుల కభయమిచ్చి, సరకులపై ముప్పదింట నొకవంతు మాత్రమే సుంకము గొందునని గణపతిదేవుడు ప్రకటించియుండుటచేత విదేశవర్తకులు నిర్భయముగా రాగలిగిరి. అయితే మార్కోపోలో ఈమెను గతించిన రాజునకు భార్యగా జెప్పెను. నిజమున కామె కుమార్తె. అంతేగాక, ఆతడు వచ్చునాటికే రాణి దివంగతురాలయ్యెను.

ఆ మరణ మెట్టిదన, జన్నిగదేవునిది కాయస్థవంశము గదా; ఆతని తమ్ముడే యైన అంబదేవుడు తరువాత ప్రభుద్రోహమునకు బాల్పడెను. ఆప్తులని నమ్మిన యింటినుండియే కత్తి లేచినది. వృద్ధాప్యమున నున్న రాణి, సేనాని మల్లికార్జుననాయకునితో గూడ నొకేమారు మరణించెను. అంబదేవునితోడి యుద్ధముననే యిది జరిగియుండునని చరిత్రకారుల నిర్ణయము. 1290 నాటి త్రిపురాంతకశాసనమున అంబదేవుడు తన విజయములను గొప్పగా జెప్పుకొనెను. కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుడు సింహాసనమెక్కి యాతని నణచెను. 1323 లో ఢిల్లీసైన్యములు ఓరుగంటిని బట్టుకొనిన పిదప స్వయంభూదేవాలయము కూలినది. నాలుగు తోరణములు మాత్రము నిలిచినవి.

రాణి మృతిని దెలుపు శాసనము ఓరుగంట లేదు. నల్లగొండజిల్లా చందుపట్ల గ్రామమున నున్నది. దాని తేదీ 1289 నవంబరు 27. మల్లికార్జుననాయకుని భృత్యుడు పువ్వుల ముమ్మడి, రాణికిని తన యేలికకును శివలోకప్రాప్తి కలిగెనని చెక్కించి, వారి పుణ్యముకొఱకు సోమనాథదేవునకు భూమి దానము చేసెను.