పదకవితా పితామహుడు

కడపసీమలో రాజంపేటకు చేరువనున్న గ్రామము తాళ్లపాక. అచ్చట 1408లో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య జన్మించెను. బాల్యముననే కాలినడకను తిరుమల చేరెనని ఆతని మనుమడు చిన్నన్న రచించిన ద్విపదకావ్యము తెలుపుచున్నది. పదునారవ యేట, అనగా 1424లో, సంకీర్తనరచనకు పూనుకొనెను. తరువాత కర్నూలుసీమలోని అహోబిలమున ఆదివన్ శఠకోపయతికడ వేదాంతము నభ్యసించెను.

ఆనాడు పండితసభలలో పద్యమునకే పెద్దపీట. దంపుళ్లపాట, లాలి, ఏల, గొబ్బి, జాజర మొదలగునవి పల్లెజనుల నోళ్లలో నుండెను. అన్నమయ్య వాని నడకలను గ్రహించి స్వామి సన్నిధికి తెచ్చెను. పల్లవి యెత్తుకొని, చరణము పాడి, మరల పల్లవికి వచ్చు పదరచన ఆతనివలన తెలుగున స్థిరపడెను. సంకీర్తన లక్షణమును ఆతడు సంస్కృతమున వ్రాసెను. ఆ మూలము లభింపలేదు గాని, మనుమడు చినతిరుమలాచార్యుని తెలుగుసేత నిలిచినది.

సాళువ నరసింహరాయలు తనపై నొక పదము చెప్పుమని కోరగా అన్నమయ్య నిరాకరించెననియు, రాజు కినిసి సంకెళ్లు వేయించెననియు చిన్నన్న కావ్యమున కలదు.

అన్నమయ్య 1503లో పరమపదించెను. ఆతడు 32,000 సంకీర్తనలు రచించెనని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యుడు వానిని రాగిరేకులపై చెక్కించెను. తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున ఆ రేకులు శతాబ్దులపాటు మరుగున పడియుండెను. 20వ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగు పండితుల కృషిచే పదములు అచ్చుకెక్కెను. నేడు లభించునవి సుమారు 12,000.

అయితే ఆ రేకులపై పదమునకు రాగము పేరు కలదే గాని, పాడవలసిన స్వరములు సాధారణముగా లేవు. ఐరోపాలో 11వ శతాబ్దముననే ఇటలీకి చెందిన గైడో అను క్రైస్తవ సన్యాసి గీతలపై స్వరస్థానములను గుర్తించు పద్ధతిని తీర్చిదిద్దెను. దానివలన అచ్చటి గాయకులు మున్ను వినని పాటనైనను చూచి పాడగలిగిరి. మన దేశమున పాట గురుముఖమున శిష్యునికి సంక్రమించెడిది. ఆ పరంపర తెగినచోట పదము మిగిలెను, వరుస పోయెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు విద్వాంసులు అనేక పదములకు కొత్తగా స్వరరచన చేసిరి. నేడు మనము వినుచున్న వరుసలలో అధికభాగము ఇట్లు ఆధునికులు కూర్చినవే.

కావున అన్నమయ్య పదమును తరగతిలో చదివించి అర్థము చెప్పుటతో ఉపాధ్యాయుని పని ముగియదు. దానిని పిల్లలచేత పాడించవలెను. రాగిరేకు కాపాడలేనిదానిని కాపాడవలసినవి ఆ కంఠములే.