వాల్టర్ టల్

ఇంగ్లండు ఆగ్నేయ తీరాన, కెంట్ ప్రాంతంలో ఫోక్‌స్టన్ అనే రేవు పట్టణం ఉంది. 1888 ఏప్రిల్ 28న వాల్టర్ టల్ అక్కడ జన్మించాడు. తండ్రి డేనియల్ వెస్టిండీస్‌లోని బార్బడోస్ ద్వీపం నుండి వలస వచ్చిన వడ్రంగి. తాత ఒకప్పుడు బానిస. తల్లి ఆలిస్ కెంట్ ప్రాంతపు ఆంగ్ల వనిత. 1895లో తల్లి, 1897లో తండ్రి మరణించారు. సవతితల్లి ఇంతమంది పిల్లలను పోషించలేకపోవడంతో వాల్టర్, అతని అన్న ఎడ్వర్డ్ లండన్‌లోని బెత్నల్ గ్రీన్ అనాథాశ్రమానికి చేరారు. కొంతకాలానికి గ్లాస్గో నగరపు కుటుంబమొకటి ఎడ్వర్డ్‌ను దత్తు తీసుకుంది. అతడు అక్కడ దంతవైద్యుడయ్యాడు. ఆశ్రమంలో మిగిలిపోయిన వాల్టర్ అచ్చుపని నేర్చుకున్నాడు.

తూర్పు లండన్‌లోని క్లాప్టన్ క్లబ్బు ఔత్సాహికుల జట్టు. వారమంతా తమ తమ వృత్తులు చేసుకొని తీరిక వేళ మైదానంలో దిగేవారే కాని, ఆటకు జీతం పుచ్చుకునేవారు కారు. 1908లో టల్ ఆ జట్టులో చేరాడు. ఆ ఒక్క సీజనులోనే క్లాప్టన్, ఔత్సాహిక జట్ల జాతీయ కప్పుతో సహా మూడు కప్పులు గెలుచుకుంది.

ఆ ప్రతిభను గుర్తించి టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అనే పెద్ద క్లబ్బు 1909లో అతనిని తీసుకుంది. అచ్చుపనివాడు దేశంలోని అత్యున్నత శ్రేణి ఆటగాడయ్యాడు. అయితే ఆ అక్టోబరులో బ్రిస్టల్ నగరంలో ఆడుతుండగా ప్రేక్షకులలో కొందరు అతని వర్ణాన్ని ఎత్తి నీచంగా దూషించారు. టల్ చలించక ఆడాడు. ఆ సంయమనాన్ని ఒక పాత్రికేయుడు మెచ్చుకున్నాడు కూడా. కాని కొద్దికాలానికే ప్రధాన జట్టులో అతని స్థానం పోయింది. ఆ క్లబ్బు తరఫున అతడు ఆడిన లీగు ఆటలు 10, చేసిన గోల్సు 2.

1911లో నార్తాంప్టన్ టౌన్ క్లబ్బు అతనిని పిలిచింది. అది జాతీయ లీగుకు వెలుపల, సదరన్ లీగులో ఆడే చిన్న జట్టు. దాని మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ తరువాతి కాలంలో ఆర్సెనల్‌ను అగ్రస్థానానికి చేర్చిన దిట్ట. అక్కడ టల్ హాఫ్‌బ్యాక్ స్థానంలో కుదురుకొని వందకు పైగా ఆటలాడాడు. పెద్ద క్లబ్బులో దొరకని నిలకడ అతనికి ఈ చిన్న ఊరి మైదానంలో దొరికింది.

1914లో యుద్ధం రాగానే టల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల పటాలంలో చేరి సార్జెంటయ్యాడు. 1916లో సొమ్ నది పోరాటంలో పాల్గొన్నాడు. శుద్ధ ఐరోపా సంతతికి చెందనివారు సైనికాధికారులు కారాదని నాటి సైనిక నిబంధన. అయినా పై అధికారుల సిఫారసుతో శిక్షణ పొంది, 1917 మేలో అతడు సెకండ్ లెఫ్టినెంటయ్యాడు. యుద్ధావసరం నిబంధనను పక్కకు నెట్టిందనుకోవచ్చు. నిబంధన మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఇటలీలో పియావె నది దాటి 26 మంది సైనికులను శత్రుభూమిలోకి నడిపించి, ఒక్కరికీ హాని కలగకుండా తిరిగి తెచ్చాడు. సేనాపతి అతని ధైర్యాన్ని లిఖితపూర్వకంగా కొనియాడాడు.

1918 మార్చి 25న ఫ్రాన్సులో జర్మనుల మహాదాడిలో టల్ తూటా తగిలి నేలకొరిగాడు. అతని సైనికులు కాల్పుల మధ్యనే దేహాన్ని తేవడానికి ప్రయత్నించి విఫలులయ్యారు. దేహం ఎన్నడూ లభించలేదు. అరాస్ స్మారకంపై అతని పేరు చెక్కబడింది. నార్తాంప్టన్ క్లబ్బు మైదానం చెంత 1999లో అతని స్మారకాన్ని ప్రతిష్ఠించారు.