కూర్మనాథకవి చరిత్రము - దైవన్యాయ విచారము

గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకమును గూర్చి విశాఖపట్టణ మండలమున విననివారు అరుదు. ఆయన 18వ శతాబ్దమున విజయనగర ప్రభువులగు పూసపాటివారి యేలుబడిలో నుండినవాడు. రామతీర్థము, సింహాచలము మొదలగు క్షేత్రములలో దేవాలయోద్యోగము చేసి జీవించెను. మృత్యుంజయ విలాసమను యక్షగానమును, లక్ష్మీనారాయణ సంవాదమును రచించెను. ఇవి పండితులకు మాత్రమే తెలిసిన గ్రంథములు. లోకమునకు ఆయనను జ్ఞాపకముంచినది దేవునిమీద ఆయన తెచ్చిన ఫిర్యాదు.

అది ఏ కాలమున పుట్టినదో చెప్పవలెను. 1753లో నిజాము సలాబతు జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కొసగెను. శ్రీకాకుళపు ఫౌజుదారు జాఫరాలీఖాను అందుకు సమ్మతింపక నాగపురపు మహారాష్ట్రులను పిలిపించెను. వారు వచ్చి ఊళ్లను దోచిరి. ఎవరి సైన్యము ఎవరి పక్షమో తెలియని దినములవి. దోపిడికి లోనైన రైతునకు అది తెలిసియు ప్రయోజనము లేదు. ఈ కల్లోలములోనే సింహగిరి మీదికి దండు వచ్చెనని పలువురి యభిప్రాయము. దేవళమున కొలువున్న కవి కొండ నెక్కివచ్చు భయమును కన్నులార చూచియుండును.

అప్పుడాయన సీసపద్యములలో స్వామిని నిందించెను. జనులు పడుచున్న పాట్లను వర్ణించెను, ఊరకున్నందుకు ఎత్తిపొడిచెను, పరిహసించెను. ఇట్టి నిందాస్తుతి తెలుగు శతకములకు క్రొత్తదికాదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకుని గూర్చి చేసినదియు ఇట్టిదే. అయినను కూర్మనాథుని పద్యములలో చమత్కారము వెనుక నిజమైన కోపము కలదు. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ శతకము ఒక దావావలె తోచును. ప్రతివాది దేవుడు; తీర్పు చెప్పవలసినవాడును ఆయనయే. ఇట్టి వ్యాజ్యెమును ఏ వకీలును చేపట్టడు.

దావాకు ఆధారము పురాణములోనే యున్నది. ప్రహ్లాదుడొక్కడు హింసింపబడినందుకు స్తంభము చీల్చుకొని వచ్చిన దేవుడు, వేలకొలది జనులు హింసింపబడుచుండగా చందనపు పూతలో నిశ్చలముగా నుండుట యెట్లు? ఈ ప్రశ్న కవి కల్పించినదికాదు. భాగవత సప్తమస్కంధము పరీక్షిత్తు సంశయముతోనే ఆరంభమగుచున్నది. అందరియెడ సముడైన భగవంతుడు ఇంద్రునికొఱకు దైత్యులను పక్షపాతివలె నేల చంపెనని ఆ రాజు అడిగెను. శుకుడు ముందుగా గుణములను, కాలమును కారణములుగా చెప్పి, పిమ్మట నారదుడు ధర్మరాజునకు తెలిపిన కథకు పోయెను. దానినిబట్టి హిరణ్యకశిపుడు శాపము పొందిన వైకుంఠ ద్వారపాలకుడే. స్వామిచేతిలో చచ్చుట వానికి అనుగ్రహమే.

ఈ సమాధానము దయను కాపాడినదిగాని న్యాయమును చిక్కులో పెట్టినది. చంపుటయే అనుగ్రహమైనచో ప్రహ్లాదుడు ఏనుగుల క్రింద, విషముచే, అగ్నిలో పడిన బాధ ఎవరి లెక్కలో వ్రాయవలెను? బాదరాయణుడు బ్రహ్మసూత్రములలో ఈశ్వరునికి వైషమ్యము, నైర్ఘృణ్యము అను రెండు దోషములను తానే యెత్తి, జీవుల కర్మమునుబట్టి ఫలమిచ్చుటచే ఆ దోషములు లేవని త్రోసివేసెను. శంకరులు ఈశ్వరుని వానతో పోల్చిరి: వాన అన్ని విత్తులకు సమానమే, మొలకలలోని భేదము విత్తులది. తర్కము గట్టిది. కాని ఇల్లు తగులబడినవానితో నీ విత్తనము చెడ్డదనుట పండితునికి సులభము, పొరుగువానికి కష్టము. కూర్మనాథుడు ఈ మాటతో తృప్తిపడియున్నచో శతకమే పుట్టియుండదు. ఆయన దోపిడికి గురియైనవారి పక్షమున నిలిచెను.

ఇక తుమ్మెదల కథ. కవి నిందింపగా రాగివన్నె గండుతుమ్మెదలు గుంపులుగా వెడలి, దండును విశాఖపట్టణ సమీపమువఱకు తఱిమెననియు, తుమ్మెదల మెట్ట యను పేరు అందువలననే కలిగెననియు చెప్పుదురు. కొండతోపులలో తుమ్మెదలు రేగుట అసంభవముకాదు; దానిని తీర్పుగా గైకొనుటయే మాకు సమ్మతముకాదు. ఏలనన, పిమ్మటి కాలమునుకూడ సాక్ష్యమునకు పిలువవలసివచ్చును.

1757 జనవరి 24న పూసపాటి పెదవిజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో కూడి బొబ్బిలికోటను ముట్టడించెను. లోపలి స్త్రీలును, పిల్లలును శత్రువులచేతికి చిక్కకుండ తమవారిచేతనే చంపబడిరి. వారికిని కొలుచుకొను దైవము వేణుగోపాలుడు కలడు. ముట్టడించినవాడు సింహాద్రినాథుని భక్తవంశపు రాజు. కొలది దినములలోనే తాండ్ర పాపారాయుడు ఆ రాజును గుడారములో పొడిచి చంపెను. దానిని దైవన్యాయమనువారు కలరు. అయిన ఆ పిల్లలకు దక్కిన దయ యేది? 1794 జూలై 10న చినవిజయరామరాజు కుంఫిణీ సేనతో పోరాడి పద్మనాభమువద్ద కూలెను. అక్కడనుండి సింహగిరి దూరముకాదు. ఆనాడు తుమ్మెదలు వచ్చినవని ఎవ్వరును చెప్పలేదు.

అందుచే కథను నమ్మువారిని మేము నిందింపముగాని, శతకమును తుమ్మెదలు రాకమునుపటి పద్యములకొఱకు చదువుదుము. చందనోత్సవమున, వైశాఖ శుద్ధ తదియనాడు, స్వామిపైనుండి చందనమును ఒలిచి నిజరూపమును చూపుదురు. ఏడాదిలో మిగిలిన దినములన్నియు ఆయన పూతలోనే యుండును. కూర్మనాథుడు అట్లు కప్పబడియున్న మూర్తి యెదుటనే నిత్యము కొలువు చేయుచు, ఆ మూర్తినే నిలదీసి, కొలువు మానక బ్రతికెను.