మహమ్మదు బిన్ తుగ్లకు

మన కాజీపేటలో రైలెక్కినవా రొక దినములో ఢిల్లీ చేరుదురు. ఏడువందల యేండ్ల క్రిందట నా దూరమును సేనలు నెలల కొలది నడచి ఓరుగంటికి వచ్చెను. అట్లు ముమ్మారు వచ్చిన యొక్కని చరిత్రమును మే మిచట వ్రాయుచున్నాము.

ఆతని మొదటి పేరు జౌనాఖాను. తండ్రి గియాసుద్దీను 1320లో ఢిల్లీ సింహాసన మెక్కగా, కుమారునకు ఉలుఘ్ ఖానను బిరుదు లభించెను. తర్కము, వైద్యము, పారసీక కవిత్వము నెరిగినవాడు. అందమైన దస్తూరి గలవాడు. కావున నీతని పొరపాటులను చదువులేనివాని పొరపాటులని త్రోసివేయ వీలులేదని మా తలంపు.

1321లో ఖాను వచ్చి ఓరుగంటిని ముట్టడించెను. వెలుపల మట్టికోట, లోపల ఱాతికోట. అందు ప్రతాపరుద్ర మహారాజు. ఢిల్లీనుండి వారమునకు రెండు మూడు జాబులు వచ్చుచుండెడివని బరనీ యను చరిత్రకారుడు వ్రాసినాడు. తెలుగువారు దారులు కట్టివేసి తపాలా చౌకీలను చెరుపగా, నెలకు పైగా నొక్క జాబైనను రాలేదు. సుల్తాను మరణించెనని శిబిరమున వదంతి పుట్టెను. దానిని నమ్మిన సేనానులు కొందరు తమ దండులతో వెడలిపోయిరి. కోటవారు వెలువడి తరుముచుండ ఖాను దేవగిరికి మరలెను. కత్తికంటె జాబు గొప్పదని యా పరాజయ మాతనికి నేర్పియుండవలెను. ఏలయన 1323లో మరల వచ్చునప్పుడు బీదరు మొదలగు త్రోవలోని కోటలను ముందుగా పట్టి, వెనుకదారిని భద్రపరచుకొనియే ముందునకు నడచెను. సుమారైదు మాసములకు ఓరుగల్లు లొంగెను. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున కన్నుమూసెను. నగరమునకు సుల్తానుపుర మని పేరు పెట్టిరి.

1325లో నాతడే సుల్తానయ్యెను. 1327లో దేవగిరిని దౌలతాబాదుగా మార్చి రాజధాని జేసెను. రాగినాణెములను వెండినాణెముల వెలకు చెల్లించ జూచెను. హిమాలయములలోనికి బంపిన సేన యించుమించుగా నశించెను. ఈ సంగతులు పాఠపుస్తకములం దున్నవి గనుక విస్తరింపము.

1335 ప్రాంతమున మదురలో నాతడు నిలిపిన జలాలుద్దీను అహసనుఖాను స్వతంత్రుడయ్యెను. ఢిల్లీ ప్రాంతమున కఱవు వ్యాపించుచున్నను సుల్తాను వానిని శిక్షింప దక్షిణమునకు గదలెను. ఓరుగల్లు చేరునప్పటికి సేనలో మహామారి పుట్టెను. ప్రముఖులు పెక్కుమంది మరణించిరి. సుల్తానునకును రోగము సోకెను. మదుర యింకను బహుదూరము. మలిక్ మక్బూలు నిచట పాలకునిగా నిలిపి ఆతడు వెనుకకు మరలెను. దారిలో బీడు పట్టణమున నూడిన పంటికి గోరీ గట్టించె నందురు; విద్యార్థులు నవ్వవచ్చును గాని, అప్పటికే సుల్తాను మరణించెనను వదంతి దేశమున బ్రాకినది. 1321లో దండ్రినిగూర్చి పుట్టిన వదంతి యిప్పుడు కొడుకునుగూర్చి పుట్టెను.

1336 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుడు తెలుగు నాయకులను గూర్చుకొని ఓరుగంటిపై నడచెను. మక్బూలు ఢిల్లీకి బారిపోయెను. అతడును తెలుగుదేశమున బుట్టి మతము మారినవాడే యనుట విచిత్రము. కాపయ ఆంధ్రసురత్రాణ బిరుదమును వహించెను. విజయనగరము తలయెత్తినదియు నా కాలముననే. 1347లో దౌలతాబాదును జేజారి బహమనీ రాజ్య మేర్పడెను.

సుల్తాను శేషజీవితము తిరుగుబాటుదారుల వెంట బరుగిడుటతో గడచెను. 1351లో నట్టివా నొకని తరుముచు సింధునదీతీరమున థట్టా సమీపమున జ్వరముతో మరణించెను. ఈమారు వార్త వదంతి కాదు. ఫిరోజును సుల్తానుగా నెన్నుకొనువరకు నాయకుడులేని యా సేన దోపిడికాండ్ర పాలై యుండెను.